‘మనం గెలిచాం’ అనే మాట: ఒక బంతి, రెండు ఊళ్ళు, మన సంఘం తగవు

ఈ పోస్టూ పొడుగే. శిడ్లఘట్ట మార్కెట్‌లో గూళ్ళ వేలం ముగిసేదాకా కూర్చునే ఓపిక ఉన్నవాళ్ళకు ఇదేమంత కష్టం కాదు. తీరిగ్గా చదవండి. చదవకుండా బొటనవేలు మాత్రం పెట్టకండి, అది నాకు తెలిసిపోతుంది.

పోయిన మీటింగుకు రానివాళ్ళ కోసం సంగతి చెబుతాను. మన పిల్లలు కొందరు ఒక అర్జీ పెట్టినారు. సంఘం తరఫున ఒక బస్సు మాట్లాడి బెంగళూరు కంఠీరవ స్టేడియంకు తీసుకుపోతే బెంగళూరు ఎఫ్‌సీ ఫుట్‌బాల్ మ్యాచ్ చూసి వస్తామని. డబ్బు సగం వాళ్ళే వేసుకుంటామన్నారు. దానికి రెండు అడ్డంకులు వచ్చినాయి. ఒక పెద్దాయన, ‘జూన్‌లో బెంగళూరులో స్టేడియం గేటు కాడ ఏమయిందో మరిచినారా?’ అన్నాడు. ఇంకొకాయన, ‘మనం తెలుగోళ్ళం, బెంగళూరు టీముకు మనమెందుకు అరిచేది?’ అన్నాడు. మొదటి మాట న్యాయమైన మాట, దాని కాడికి తరువాత వస్తాను. రెండో మాట మాత్రం ఆ రాత్రే మన గ్రూపులో మంట పెట్టింది.

మంట పెట్టినవాళ్ళు మా ఇంటివాళ్ళే కాబట్టి సిగ్గుపడుతూ రాస్తున్నాను. మా అక్క కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. హైదరాబాద్ ఎఫ్‌సీ పసుపు జెర్సీ ఒంటిమీద నుంచి తీయడు. మా తమ్ముని కూతురు బెంగళూరులో. వెస్ట్ బ్లాక్‌లో నిలబడి అరిచే రకం, ఆటైన మరునాడు ఫోనులో గొంతు రాదు. వరసకు బావామరదళ్ళు కదా, హాస్యంగానే మొదలైంది. ‘తెలుగు మాట్లాడేదానివి, నీకు బెంగళూరు ఎట్లా సొంతమయిందే?’ అని వాడు. ‘నువ్వు కోలార్ నీళ్ళు తాగి పెరిగినోడివి బావా, చార్మినార్ నీ తాత కట్టించినాడా?’ అని ఇది. అర్ధరాత్రి దాటేసరికి హాస్యం పోయింది. ‘మీరంతా ఏ ఊరివాళ్ళు? ముందు అది తేల్చుకోండి’ అని ఎవరో మూడో మనిషి రాసినాడు. ఆ ఒక్క మాటకు నాకు నిద్ర పట్టలేదు. అది మన జంగమకోటెలో, చింతామణిలో, బాగేపల్లిలో ప్రతి తెలుగు ఇంటినీ ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అడిగిన ప్రశ్నే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. దేవుని పాట తెలుగులో, పహణీ కన్నడంలో. కైవారం తాతయ్య రెండు భాషల్లోనూ పాడినాడు, ఆయన్ని ఎవరూ ఏ ఊరివాడివని అడగలేదు.

సరే, బంతి దగ్గరికి వద్దాం. ఒక టీము నాది అనుకోవడంలో ఆనందం ఎక్కడుంది? ఎవరో పదకొండు మంది, మన చుట్టాలు కారు, మన పేరు తెలియదు, గెలిచినా మనకు పైసా రాదు. అయినా ఓడితే అన్నం సయించదు. ఇది పిచ్చి అని కొట్టేసేవాళ్ళు ఉన్నారు. నేను నూరేళ్ళు వెనక్కి పోయి చూసినాను. పిచ్చే అయితే కావచ్చు గానీ, దానికి ఒక చరిత్ర ఉంది.

1911 జులై 29న కలకత్తాలో మోహన్ బగాన్ అనే మనవాళ్ళ క్లబ్బు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ అనే దొరల పటాలాన్ని 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డు గెలిచింది. మనవాళ్ళలో చాలామంది ఒట్టికాళ్ళతో ఆడినారు. మైదానం చుట్టూ జనం ఎంత కిక్కిరిసినారంటే వెనకవాళ్ళకు ఆట కనిపించలేదు. వాళ్ళకోసం గాలిపటాల మీద స్కోరు రాసి ఎగరేసినారు. నాకు ఈ సంగతి ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటేస్తుంది. ఆట కనిపించని మనిషి, ఇంటికి పోవచ్చు కదా! పోలేదు. తల పైకెత్తి గాలిపటం చూస్తూ నిలబడినాడు. గెలుపు రేపు పేపర్లో చదివితే చాలదు, అది జరిగే గడియలో, తనలాంటివాళ్ళ భుజాలు తనకు తగులుతూ ఉండగా తెలియాలి. అభిమానం అనేది అక్కడే పుట్టింది, బంతి కనిపించే చోట కాదు.

ఇది ఎక్కడో బెంగాల్ కథ అనుకోకండి. బొంబాయిలో రోవర్స్ కప్పు 1891లో మొదలయింది. నలభై ఏళ్ళకు పైగా దాన్ని సోల్జర్ల టీములే ఎత్తుకుపోయినాయి. ఆ కప్పును మొట్టమొదట గెలిచిన భారతీయుల టీము ఏది? కలకత్తాది కాదు. 1937లో బెంగళూరు ముస్లిమ్స్. ఫైనల్లో ఓడించింది కూడా అల్లాటప్పా టీమును కాదు, అప్పటికి కలకత్తా లీగును వరసగా గెలుస్తున్న మహమ్మదన్ స్పోర్టింగును. మరుసటి ఏడు మళ్ళీ గెలిచినారు. అప్పుడు మన జంగమకోటె మైసూరు సంస్థానంలో, కోలారు జిల్లాలో ఉండేది. చిక్కబళ్ళాపురం జిల్లా 2007లో వచ్చిందే కదా. అంటే మన తాతలకాలంలోనే, మనకు మూడు గంటల దూరంలో, దేశానికే మొదటిదైన ఒక గెలుపు నడిచి వచ్చింది. మన ఇళ్ళలో ఎవరైనా చెప్పినారా? మా ఇంట్లో చెప్పలేదు.

సంతోష్ ట్రోఫీ అని రాష్ట్రాల పోటీ 1941లో మొదలయింది. మైసూరు దాన్ని 1946-47లో, 1952-53లో, 1967-68లో, 1968-69లో గెలిచింది. నాలుగుసార్లూ ఫైనల్లో ఎదుట ఉన్నది బెంగాలే. ఈ దేశంలో ఫుట్‌బాల్ అంటే బెంగాల్ అనుకునే రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ మీద మన దేశం 2-1తో ఓడిపోయింది. రెండు పెనాల్టీలు చేజార్చుకుని మరీ ఓడింది. ఆ ఒక్క గోలు, ఒలింపిక్స్‌లో మన దేశానికి మొదటి గోలు, కొట్టినవాడు మైసూరు ఆటగాడు సారంగపాణి రామన్. వంద కోట్ల దేశానికి ఆ మొదటి గోలు ఎవరిదని అడిగితే బెంగళూరులోనే పదిమందిలో తొమ్మిదిమంది తల గీరుకుంటారు. అదే ఆటలో ఉన్న అహమద్ ఖాన్ కూడా బెంగళూరువాడే.

ఈ అహమద్ ఖాన్ కథ మన తగవుకు బాగా పనికొస్తుంది. ఆయన కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు పోయినాడు. అక్కడ ఐదుగురు ఫార్వర్డులు ఒక వరసలో ఆడేవాళ్ళు: వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహమద్ ఖాన్, సాలే. ఐదుగురూ దక్షిణాదివాళ్ళు. జనం వాళ్ళకు పెట్టిన పేరు పంచపాండవులు. 1949, 50, 51 మూడేళ్ళూ ఐఎఫ్ఏ షీల్డు వాళ్ళదే. ఈస్ట్ బెంగాల్ అభిమానులు ఎవరు? దేశ విభజనతో ఇల్లూ పొలమూ అటువైపు వదిలేసి వచ్చినవాళ్ళు వాళ్ళలో ఎందరో. వాళ్ళకు మిగిలిన ఊరు ఆ ఎర్ర పసుపు జెర్సీ ఒక్కటే. ఆ జెర్సీ వేసుకున్న ఐదుగురిలో ఒక్కడికీ బెంగాలీ అమ్మభాష కాదు. పేరులోనే తెలుగు వినిపించే అప్పారావును తమ భీముడో అర్జునుడో చేసుకుని ఎత్తుకున్నారు. ‘నువ్వు ఏ ఊరివాడివి’ అని అడిగే తీరిక వాళ్ళకు లేదు. గెలిస్తే ఆ రోజు బజారులో పులస చేప, అదే వాళ్ళ ఇలిశ, ధర పెరిగేది. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలకు గిరాకీ. మనవైపు అయితే ఏ చేప పెట్టాలో నాకు తోచలేదు, మనకు రాగిముద్దే గతి.

ఇప్పుడు హైదరాబాదు. మా మేనల్లుడు ఇక్కడ చెవులు రిక్కించుకోవచ్చు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ కలవడం ఎంత నెత్తురుతో జరిగిందో ఆ పక్కవాళ్ళు ఇప్పటికీ గొంతు తగ్గించి చెబుతారు. ఆ తరువాత రెండేళ్ళకు, 1950లో, హైదరాబాద్ సిటీ పోలీసు టీము డ్యూరండ్ కప్ గెలిచింది, మోహన్ బగాన్‌ను ఓడించి. అదే ఏడు రోవర్స్ కప్పు కూడా. ఆ తరువాత 1951, 52, 53, 54. వరసగా ఐదు రోవర్స్ కప్పులు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ వరసగా ఐదు కొట్టలేకపోయినాయి. ఒక సంగతి గమనించండి. పోలీసు కనిపిస్తే తలుపు వేసుకునే కాలం అది. ఆ పోలీసు టీముకు ఊరంతా చప్పట్లు కొట్టింది. ఇటువంటి వింత ఆటలో తప్ప ఇంకెక్కడా జరగదు. తల దించుకుని ఉన్న ఊరికి, హిందువులకూ ముస్లిములకూ కలిపి, తల ఎత్తి అరవడానికి ఒక సాకు దొరికింది అని నేను అనుకుంటాను. ఇది నా ఊహే, కానీ ఇంకో కారణం నాకు కనిపించడం లేదు.

ఆ టీము వెనక ఉన్నది సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా మొదలైనాడు, అందరికీ రహీం సాబ్. ఆయన చేతికింద దేశం 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో బంగారం గెలిచింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి పోయింది, 1962 జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్ళీ బంగారం తెచ్చింది. జకార్తా నాటికే ఆయనకు క్యాన్సర్. 1963 జూన్‌లో పోయినాడు. ‘మైదాన్’ సినిమా వచ్చేదాకా మనలో ఎంతమందికి ఆ పేరు తెలుసో చెయ్యెత్తండి. నేను కూడా ఎత్తను.

ఆయన ఊరి నుంచి పోయిన హబీబ్ కలకత్తాలో ‘బడే మియా’ అయినాడు. 1977లో పేలే తన కాస్మాస్ టీముతో ఈడెన్ గార్డెన్స్‌కు వస్తే, మోహన్ బగాన్ 2-2 చేసింది. అందులో ఒక గోలు హైదరాబాదు హబీబ్‌ది. ఆ రోజు కలకత్తావాళ్ళు ‘మన హబీబ్’ అనే అన్నారు, ‘హైదరాబాదు హబీబ్’ అనలేదు.

‘మన’ అనే మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. ఈ పోస్టంతా నేను రాసింది దీనికోసమే అనుకోండి.

1976లో రాబర్ట్ చాల్డీనీ అనే అమెరికా మనస్తత్వశాస్త్రవేత్త, తోటివాళ్ళతో కలిసి, అక్కడి యూనివర్సిటీ పిల్లల మీద ఒక పరిశోధన అచ్చువేసినాడు. వాళ్ళది చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్ లెండి. కాలేజీ టీము గెలిచిన వారం పిల్లలు కాలేజీ పేరున్న చొక్కాలు ఎక్కువ వేసుకొస్తారట. గెలిచిన ఆట గురించి అడిగితే ‘మేము’ అంటారట, ఓడిన ఆట గురించి అడిగితే ‘వాళ్ళు’ అంటారట. మా మేనల్లునికి చదివి వినిపిస్తే నవ్వినాడు. వాడూ అంతే: ‘మనం కొట్టినాం మామా’, ‘వాళ్ళు ఇచ్చేసినారు మామా.’

కానీ ఆ దొర దగ్గర ఉన్నది ఒకే ఒక మాట. ఇంగ్లీషులో మనకూ మేముకూ తేడా లేదు. కన్నడంలోనూ లేదు, రెండింటికీ ‘నావు’ అనాల్సిందే. తెలుగులో ఉంది. వినేవాణ్ణి కలుపుకుంటే మనం, బయట నిలబెడితే మేము. ఇక చూడండి. హైదరాబాద్ గెలిచిన రోజు మా మేనల్లుడు తన రూమ్మేటుతో ‘మనం గెలిచాం’ అంటాడు. మరదలికి ఫోను చేసి ‘మేం గెలిచాం’ అంటాడు. ఒక గెలుపే. రెండు మాటలు, రెండు రకాల తీపి. మొదటిది పంచుకునే తీపి, రెండోది గిల్లే తీపి. రెండోది లేకుంటే మొదటిది చప్పబడిపోతుంది. ఎదురుపక్షంవాడు మన ఇంట్లోనే, మన బంతిలోనే కూర్చుని ఉంటే ఇంకా రుచి. అందుకే లోకంలో పెద్ద పోటీల్లో చాలావరకు ఒకే ఊరివాళ్ళ మధ్య, పక్క ఊళ్ళ మధ్యే. మనకేమైనా సంబంధం లేని టీము ఓడితే ఎవరిని గిల్లాలి?

ఇదే బడికి పోయిన మా తమ్ముని కూతురు కన్నడంలో వెస్ట్ బ్లాక్ నుంచి ‘నావు’ అని అరుస్తుంది. అందులో ఎవరు లోపలా ఎవరు బయటా అని తేల్చనక్కర లేదు. పక్కన నిలబడినవాడు తమిళుడా, మలయాళీయా, నేపాలీయా అని దానికి తెలియదు. ఒకరోజు నాతో అన్నది, ‘పెదనాయనా, ఆడ తొంభై నిమిషాలు నన్ను ఎవరూ ఏ ఊరని అడగరు’ అని. బెంగళూరులో అద్దె ఇల్లు వెతికినవాళ్ళకు, ఆటో ఎక్కినవాళ్ళకు, ఆ మాట విలువ తెలుసు.

మా నాయన సంగతి చెప్పాలి. ఆయన బెంగళూరులో ఒక ఫ్యాక్టరీలో పని. అప్పుడు ప్రభుత్వ ఫ్యాక్టరీలకు ఫుట్‌బాల్ టీములు ఉండేవి. హెచ్ఏఎల్, ఐటీఐ టీముల పేర్లు ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. ఆటగాడు మధ్యాహ్నందాకా షాపులో పక్కన ఉంటాడు, సాయంత్రం అశోక్‌నగర్ స్టేడియంలో గోలు కొడతాడు. మా నాయన శనివారం రాత్రి బస్సులో ఊరికి వస్తే, మొదట అడిగేది వాన గురించి, రెండోది ఆవు గురించి, తరువాత మమ్మల్ని కూర్చోబెట్టి ఆట చెప్పేవాడు. చెంబు ఒక గోలు పోస్టు, పీట ఇంకొకటి. ఆయన ఆడి ఎరగడు. కానీ ‘మావాడు’ అని చెప్పేటప్పుడు ఆయన వెన్ను నిటారయ్యేది. లేతు మిషన్ ముందు రోజంతా వంగిన వెన్ను అది. ఇప్పుడు నాకు ఆ స్కోర్లు ఒక్కటీ గుర్తు లేదు. చెంబు గుర్తుంది.

1986లో దూరదర్శన్‌లో మెక్సికో వరల్డ్ కప్ చూసినవాళ్ళు ఈ గ్రూపులో పది పన్నెండు మంది ఉంటారు. ఊరికి రెండో మూడో టీవీలు, ఏంటెనా తిప్పడానికి మేడమీద ఒకడు. మారడోనా ఇంగ్లాండు మీద చేత్తో ఒకటి, కాలితో ఒకటి కొట్టినాడు. ఆ ఇంట్లో కూర్చున్న మేమంతా తెల్లారేసరికి అర్జెంటీనావాళ్ళం అయిపోయినాం. అర్జెంటీనా పటంలో ఎక్కడుందో మాలో ఒక్కడికి తెలుసు, వాడు కూడా బ్రెజిల్‌ను చూపించినాడు. ఆ తరువాత నుంచి చాలామందికి అర్జెంటీనా అంటేనే ఆట. తప్పు కాదు. కానీ టీవీలో ఉన్న టీముకు మన గొంతు వినపడదు. ఒడ్డున కూర్చుని ఈత చూసినట్టే.

బెంగళూరు ఎఫ్‌సీ 2013లో పుట్టింది. పుట్టిన మొదటి సీజన్లోనే ఐ-లీగ్ గెలిచింది. నేను దాన్ని కంపెనీ టీము అని తీసిపారేసినాను. డబ్బున్నవాడు పెట్టిన దుకాణం, దానికి అభిమానులేంది అని. నా నోరు మూయించింది 2016 అక్టోబరు 19. ఏఎఫ్‌సీ కప్ సెమీఫైనల్, కంఠీరవలో. ఎదుట మలేషియా జొహోర్ టీము, అప్పటి ఛాంపియన్. మొదట గోలు వాళ్ళదే. స్టేడియం ఊపిరి బిగబట్టింది. తరువాత ఛేత్రి రెండు, హువానన్ ఒకటి, 3-1. ఒక భారత క్లబ్బు ఆ ఫైనల్‌కు పోవడం అదే మొదలు. తమ్ముని కూతురు అప్పుడు కాలేజీ. వద్దంటే వినకుండా నన్ను లాక్కుపోయింది. మొదటి గోలు పడగానే ఆ వెస్ట్ బ్లాక్ మాట తగ్గిస్తుందేమో అనుకున్నాను. పాట పెంచినారు. ఓడుతున్నవాడికి గొంతు పెంచి పాడటం నేను జాతర్లో కూడా చూడలేదు. నాకు పాట రాదు, చప్పట్లు కొట్టినాను, మరునాడు చేతులు వాచినాయి. దోహాలో ఫైనల్ ఇరాక్ టీము మీద 1-0తో ఓడినారు. ఆ ఓటమి నాకు ఇంకా మండుతుంది చూడండి. నేను గెలుపు చూసి కాదు, ఆ మంట వల్ల అభిమానిని అయినాను.

ఇంకో విశేషం. బెంగళూరువాళ్ళ ముద్దుబిడ్డ సునీల్ ఛేత్రి పుట్టింది ఎక్కడ? సికిందరాబాదులో. తగవులో దీన్ని మా తమ్ముని కూతురు బాంబులాగా వాడింది. దానికి బదులుగా మేనల్లుడు 2022 ఫైనల్ తీసినాడు. ఆ మార్చి 20న గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్. ఓడిపోతున్న ఆటను 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేసినాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ మూడు ఆపినాడు. ఆ గోల్‌కీపర్ పేరు లక్ష్మీకాంత్ కట్టిమని. గోవా ఆటగాడే, కానీ పేరు వింటే మన కన్నడం చెవికి తగలదా? అంటే సికిందరాబాదువాడు బెంగళూరును గెలిపిస్తాడు, కన్నడ పేరువాడు హైదరాబాదును గెలిపిస్తాడు. ‘ఏ ఊరివాళ్ళు, తేల్చుకోండి’ అన్న పెద్దమనిషి దీన్ని ఎట్లా తేలుస్తాడో చూడాలి.

అదే ఛేత్రి 2018 జూన్‌లో చేతులు జోడించి ఒక వీడియో పెట్టినాడు. ముంబైలో దేశం ఆడుతున్న ఆటకు వచ్చినవాళ్ళు 2,569 మంది. తను ఆ రోజు మూడు గోళ్ళు కొట్టినాడు, ఖాళీ కుర్చీల ముందు. తిట్టండి, విమర్శించండి, కానీ వచ్చి స్టేడియంలో కూర్చుని తిట్టండి అని వేడుకున్నాడు. తరువాతి ఆటకు టికెట్లు అయిపోయినాయి. అభిమానికి ఆటగాడు ఎంత అవసరమో నాకు తెలుసు. ఆటగాడికి అభిమాని అంత అవసరమని ఆ రోజు తెలిసింది. 2023 మార్చిలో మన కర్ణాటక 54 ఏళ్ళ తరువాత సంతోష్ ట్రోఫీ గెలిచింది, రియాద్‌లో, మేఘాలయను 3-2తో. మన ఊళ్ళో ఒక్క టపాకాయ కాలలేదు. ఎవరూ ‘మనం’ అనని గెలుపు అది. నేనూ మరునాడు పేపర్లో చూసినాను, కాబట్టి నన్నూ కలుపుకునే అంటున్నాను.

ఇక బాధ సంగతి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో వచ్చింది. ఎట్లా వచ్చింది? పూణే టీము మూతబడితే దాని చోటు వీళ్ళకు దక్కింది. పూణే పిల్లల ఏడుపు మనకు వినిపించలేదు. మొదటి సీజన్లో అందరికన్నా కింద. మూడో సీజన్లో కప్పు. తరువాత డబ్బు కష్టాలు, ఆటగాళ్ళు పోవడం, మళ్ళీ అడుగుకు జారడం. చివరికి 2025 అక్టోబరులో ఆ టీము పేరూ ఊరూ మార్చుకుని ఢిల్లీకి పోయింది. ఢిల్లీవాళ్ళ టీము 2019లోనే భువనేశ్వర్‌కు పోయి ఒడిశా ఎఫ్‌సీ అయి ఉండింది. ఒకరి విస్తరి తీసి ఇంకొకరికి వేసినట్టు. తగవు జరిగిన రాత్రి మా తమ్ముని కూతురు చివరగా రాసిన మాట ఇదే: ‘నీకు టీమే లేదు కదా బావా.’ దాని తరువాత వాడు గ్రూపులో ఏమీ రాయలేదు. మీరు గమనించినారో లేదో. నేను గమనించినాను. తెల్లారి ఫోను చేస్తే, ‘మామా, ఓడిపోతే తట్టుకుంటాం. లేకుండా పోతే ఎవరిమీద కోపం తెచ్చుకోవాలి?’ అన్నాడు. ముప్పై ఏళ్ళు నిండిన మనిషి.

వాడికి నేను లండన్‌లోని వింబుల్డన్ కథ చెప్పినాను. అక్కడి క్లబ్బును యజమానులు ఊరు దాటించి మిల్టన్ కీన్స్‌కు తీసుకుపోవడానికి 2002లో అనుమతి తెచ్చుకున్నారు. అభిమానులు ఏం చేసినారు? ఊరి బయలులో ఆటగాళ్ళ ఎంపిక పెట్టి, సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని టీము పెట్టుకున్నారు. అట్టడుగు పోటీల నుంచి మొదలుపెట్టి, 2011కు మళ్ళీ పెద్ద లీగులోకి వచ్చినారు. 2020లో తమ పాత వీధి ప్లో లేన్‌లో సొంత స్టేడియంలో ఆడినారు. ఆ క్లబ్బు అభిమానుల సంఘానిదే. చందా కట్టే సంఘం, అచ్చం మనలాగా, మీటింగుల్లో మనలాగే కొట్లాడుకుంటారనుకుంటాను. మేనల్లుడు విన్నాడు. ‘వాళ్ళ దగ్గర డబ్బుంది మామా’ అన్నాడు. మొదట్లో లేదురా అన్నాను. హైదరాబాదులో ఐ-లీగ్ ఆడిన శ్రీనిధి దక్కన్ ఉంది కదా, దానికి పోతావా అంటే, ‘చూస్తాను, వెంటనే కాదు’ అన్నాడు. ఇంట్లో ముసలి కుక్క పోతే మరునాడే కూన తెచ్చుకోలేం కదా.

మొదటి పెద్దాయన మాటకు ఇప్పుడు వస్తాను. 2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం బయట క్రికెట్ కప్పు సంబరంలో తొక్కిసలాటలో 11 మంది పోయినారు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆటలో 16 మంది అభిమానులు పోయినారు. ఆనందం గురించి ఇంత రాసి వీటిని దాచిపెడితే అది అబద్ధం. గుంపులో భుజం తగిలే సుఖమూ, ఊపిరాడని చావూ ఒకే చోట ఉంటాయి. తేడా చేసేది గేట్లు, టికెట్లు, పోలీసు లెక్క, ముందుచూపు. ఆ పెద్దాయన భయాన్ని ఎవరూ ఎగతాళి చేయకండి. జూన్ 4న జరిగింది టికెట్టూ లెక్కా లేని గుంపు వల్ల. టికెట్టు కొని, నంబరున్న కుర్చీకి పోయే ఆట వేరు. అయినా బస్సు పోతే, పదిమంది పిల్లలకు ఒక పెద్దమనిషి చొప్పున పోవాలి, ఆట ముగిశాక గుంపు పలచబడేదాకా కుర్చీల్లోంచి లేవకూడదు, అందరి ఇంటి నంబర్లూ ఒక కాగితం మీద ఉండాలి. కాగితం నేను రాస్తాను. ఒక పెద్దమనిషిగా నేనూ వస్తాను.

రెండో పెద్దాయనకు నా జవాబు పైన అయిపోయింది. బెంగళూరుకు అరిచినా, హైదరాబాదుకు అరిచినా, రెండింటికీ అరిచినా సంఘం సభ్యత్వం పోదు. రూల్సు పుస్తకం తీసి చూసినాను, ఎక్కడా లేదు.

ఇంతలో ఇంకో పని. పండక్కి మేనల్లుడు, తమ్ముని కూతురు ఇద్దరూ ఊరికి వస్తున్నారు. చెరువు ఎండి ఉంది కాబట్టి అందులోనే పిల్లలతో ఆట పెడతామని ఇద్దరూ వేరువేరుగా నాకు ఫోను చేసినారు, ఒకరికి ఒకరు చెప్పుకోకుండా. నేను కూడా చెప్పలేదు. గోలు పోస్టులకు నాలుగు నిలువు, రెండు అడ్డం, మొత్తం ఆరు నీలగిరి కట్టెలు కావాలి. నిలువువి తొమ్మిది అడుగులు, ఒక అడుగు భూమిలోకి పోతుంది. ఎవరి తోటలో ఈ మధ్య నీలగిరి కొట్టినారో ఇక్కడ కింద రాయండి. ట్రాక్టరు మా తమ్ముడు పంపిస్తాడు.